టెలిఫోను యంత్రానికి ఆజ్ఞలు: ఒక వ్యాకరణ చరిత్ర



వ్యాకరణం అనగానే మనకు సంధులు, సమాసాలు, విభక్తులు గుర్తుకు వస్తాయి. మనిషి మనిషితో మాట్లాడే భాషకే వ్యాకరణం కావాలని, యంత్రానికిచ్చే ఆజ్ఞలకు ఏదో ఒక సాంకేతిక నియమం ఉంటే చాలునని తలపోస్తాము. కానీ టెలిఫోను ఎక్స్చేంజీల చరిత్రను పరిశీలిస్తే అక్కడ అర్ధశతాబ్దానికి పైగా నడిచింది వ్యాకరణ చర్చేనని తెలుస్తుంది. వాక్యంలో ఏ మాట ముందుండాలి? క్రియ ఎక్కడ నిలవాలి? పాత ప్రయోగాన్ని సాధువుగా ఉంచాలా, అసాధువని తోసిపుచ్చాలా? ఈ ప్రశ్నలన్నీ అక్కడా ఉన్నాయి. సాఫ్టువేరు ఉద్యోగంలో ఉన్న మా మేనల్లుడు తన పనిని గురించి చెప్పగా విని, ఆ ఆజ్ఞల పట్టికలను తెప్పించుకొని చదువుకున్నాను. ముప్పై ఏళ్లకు పైబడి తెలుగు పాఠం చెప్పినవాడిని కనుక నా చూపు వాటి వాక్యనిర్మాణం మీదనే నిలిచింది. ఆ కథనే ఈ టపాలో మనవి చేస్తాను.

తొలినాళ్ల ఎక్స్చేంజిలో ఆజ్ఞ మాటలలో ఉండేది కాదు. ఆపరేటరు తీగను తీసి రంధ్రంలో గుచ్చడమే ఆజ్ఞ, గుచ్చిన తీగను లాగివేయడమే ముగింపు. 1965లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం, సుక్కసన్నా అనే ఊరిలో బెల్ సంస్థవారి నంబర్ 1 ఈఎస్ఎస్ అనే ఎక్స్చేంజి పని ప్రారంభించింది. ఇది నిల్వచేసి ఉంచిన ప్రోగ్రాము ప్రకారం నడిచే ఎలక్ట్రానిక్ ఎక్స్చేంజి. దాని బాగోగులు చూసేవారి ఎదుట ఒక టెలిటైపు యంత్రం ఉండేది. మనిషి మీటలు నొక్కి అడిగితే ఎక్స్చేంజి కాగితం మీద అచ్చు వేసి జవాబు చెప్పేది. తీగ గుచ్చే చేయి పోయి, వాక్యం వచ్చింది. వాక్యం వచ్చాక వ్యాకరణం రాక తప్పదు కదా!

అయితే ఒక్కొక్క కంపెనీది ఒక్కొక్క భాష అయింది. ఒక దేశపు టెలిఫోను శాఖ ముగ్గురు తయారీదారుల వద్ద ఎక్స్చేంజీలు కొంటే, ఉద్యోగులు మూడు భాషలు నేర్చుకోవలసి వచ్చేది. ఈ చిక్కును తీర్చడానికి జెనీవాలోని అంతర్జాతీయ సలహా సంఘం సీసీఐటీటీ ‘మ్యాన్ మెషీన్ లాంగ్వేజ్’ అనే పేరుతో జెడ్ 300 శ్రేణి సిఫారసులను రూపొందించింది. ఆ సంఘమే 1993 నుంచి ఐటీయూ-టీ అనే పేరుతో పనిచేస్తున్నది. ఆ సిఫారసుల ప్రకారం ఆజ్ఞా వాక్యపు రూపం ఇది: మొదట ఆజ్ఞను సూచించే సంకేతపదం, తరువాత రెండు చుక్కలు, ఆపైన ‘ఇది ఇంత’ అని చెప్పే వివరాలు, వాటి నడుమ కామాలు, చివర సెమికోలను. సెమికోలను పడేదాకా వాక్యం పూర్తి కాదు, యంత్రం కదలదు. మన పద్యానికి యతిస్థానం ఎంత ఖచ్చితమో అక్కడ విరామచిహ్నం అంత ఖచ్చితం.

ఈ సంప్రదాయంలో నన్ను ఎక్కువగా ఆకర్షించినవి స్వీడన్ దేశపు ఎరిక్సన్ సంస్థవారి ఏఎక్స్ఈ ఎక్స్చేంజి ఆజ్ఞలు. అవి అయిదక్షరాల పదాలు. చివరి అక్షరం ‘ఐ’ అయితే పని ప్రారంభించమని, ‘ఇ’ అయితే ముగించమని, ‘పి’ అయితే అచ్చు వేసి చూపమని, ‘సి’ అయితే మార్చమని అర్థం. బి-ఎల్-ఓ-డి-ఐ అంటే పరికరాన్ని నిలిపివేయడం మొదలుపెట్టు. అదే పదం చివర ‘ఇ’ చేరితే నిలుపుదలను ముగించు. ఏ-ఎల్-ఎల్-ఐ-పి అంటే హెచ్చరికల జాబితా అచ్చు వేయి. ధాతువు ముందు, ప్రత్యయం వెనుక! తెలుగువానికి ఇంతకంటె సహజమైన ఏర్పాటు ఉంటుందా? ఒక్క అక్షరం మారితే పని తలక్రిందులవుతుంది, మనకు ‘చేసి’, ‘చేసే’ల మధ్య ఉన్నంత తేడా.

ఇక సీ భాష సంగతి. ఇది 1970ల తొలినాళ్లలో టెలిఫోను కంపెనీ పరిశోధనశాల అయిన బెల్ ల్యాబ్స్‌లోనే, డెనిస్ రిచీ చేతుల మీదుగా, యూనిక్సుకు తోబుట్టువుగా పుట్టింది. 1982లో ఇల్లినాయి రాష్ట్రం సెనెకాలో ప్రారంభమైన 5ఈఎస్ఎస్ ఎక్స్చేంజి సాఫ్టువేరులో అధికభాగం సీ భాషలోనే రాశారు. దాని ఆజ్ఞలు ఇంగ్లీషు విధ్యర్థక వాక్యం వంటివి. ‘తొలగించు’, ‘పునరుద్ధరించు’ అని అర్థం వచ్చే కుదించిన క్రియలు ముందు, తక్కినవి తరువాత.

సీ పొదుపైన భాష. చెప్పినదే చేస్తుంది, చెప్పదలచుకున్నదానిని ఊహించదు. 1990 జనవరి 15న ఏటీ అండ్ టీ వారి దూరప్రాంతపు టెలిఫోను వ్యవస్థ దాదాపు తొమ్మిది గంటలసేపు కుప్పకూలింది. కారణం ‘బ్రేక్’ అనే ఒక్క మాట. ఒక షరతు నుంచి బయటపడటానికని రాసిన ఆ మాట, దానిని చుట్టి ఉన్న ‘స్విచ్’ నిర్మాణం మొత్తం నుంచీ బయటకు తీసుకుపోయింది. మన పరిభాషలో ఇది అన్వయదోషం. ఒక ఎక్స్చేంజి కోలుకుంటూ పంపిన సందేశాలు పక్క ఎక్స్చేంజిని పడగొట్టాయి, అది లేస్తూ మరొకదానిని పడగొట్టింది. కావ్యంలో అన్వయం కుదరకపోతే రసభంగం, టెలిఫోనులో కుదరకపోతే దేశమంతా మౌనం!

ఇంతవరకు చెప్పినవి పెద్ద సంస్థల కథలు. 1999లో కథ ఒక విద్యార్థి చేతికి వచ్చింది. అలబామాలోని ఆబర్న్ విశ్వవిద్యాలయంలో చదువుతున్న మార్క్ స్పెన్సర్ లినక్సు వాడుకదారులకు సహాయం చేసే చిన్న సంస్థను నడిపేవాడు. దానికి టెలిఫోను వ్యవస్థ కావలసి వచ్చింది, కొనే స్తోమత లేదు. తానే సీ భాషలో రాసుకొని, అందరూ వాడుకొనేలా స్వేచ్ఛా లైసెన్సు కింద విడుదల చేశాడు. అదే ‘ఆస్టరిస్క్’. టెలిఫోను మీద ఉండే నక్షత్రం గుర్తే దాని పేరు. 2004లో 1.0 సంచిక వెలువడింది.

ఆస్టరిస్క్‌ను నడిపేవారు నల్లని తెర మీద ఆజ్ఞలు టైపు చేస్తారు. దాని నిర్మాణం చూడండి. టెలిఫోను పని చేసే ప్రోగ్రాము తెర వెనుక నిరంతరం నడుస్తూ ఉంటుంది. మనం తెరిచే ఆజ్ఞల తెర దానికి వేరుగా నడుస్తుంది. అది యూనిక్సు సాకెట్టు అనే ద్వారం గుండా పెద్దదానితో మాట్లాడుతుంది. అందువలన తెర మూసినంత మాత్రాన ఎవరి సంభాషణా తెగదు. గదిలోంచి మనం బయటకు వెళ్లడానికీ, ఇంటి దీపం ఆర్పడానికీ తేడా ఉన్నట్లు, సెలవు తీసుకొనే మాట వేరు, యంత్రాన్ని ఆపే మాట వేరు.

లోపల ప్రతి ఆజ్ఞకు సీ భాషలో ఒక పట్టీ ఉంటుంది. ఆజ్ఞలోని పదాలు, వాటిని విన్నప్పుడు చేయవలసిన పనిని చూపే ఫంక్షను, ఒక పంక్తి పరిచయం, వాడుక పద్ధతి అందులో ఉంటాయి. ఆ ఫంక్షను మూడు రకాల ఫలితాలు చెప్పగలదు: పని నెరవేరింది, వాక్యం సరైనదే కానీ పని నెరవేరలేదు, వాక్యమే సరిగా లేదు. మూడవ ఫలితం వస్తే యంత్రం వాడుక పద్ధతిని తెర మీద చూపుతుంది. వాక్యానికి ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి కావాలని చెప్పిన మన శాస్త్రకారులు ఈ విభజనను చూస్తే మెచ్చుకొనేవారు. తప్పు మాటలోదా, పనిలోదా అని విడమరచి చెప్పడం మంచి గురువు లక్షణం కూడాను.

ఇక్కడే ఒక చిక్కు మొలిచింది. ఆస్టరిస్క్ అనేక విభాగాల కూర్పు. విభాగాన్ని ఎక్కించినప్పుడు అది తన ఆజ్ఞలను తానే నమోదు చేసుకుంటుంది, దించినప్పుడు తీసివేసుకుంటుంది. నిఘంటువు ఒక్కటే, పదాలు చేర్చేవారు అనేకులు. ఏకవాక్యత ఎలా వస్తుంది? కొందరు క్రియతో మొదలుపెట్టి ‘షో చానెల్స్’, ‘షో డయల్‌ప్లాన్’, ‘షో క్యూస్’ అన్నారు. మరికొందరు విభాగం పేరుతో మొదలుపెట్టి ‘సిప్ షో పీర్స్’ అన్నారు. ఒకే భాషలో రెండు వాక్యక్రమాలు!

2006 డిసెంబరులో వచ్చిన 1.4 సంచికలో ఈ గందరగోళాన్ని సంస్కరించడానికి పూనుకొన్నారు. విభాగం పేరు ముందు రావాలన్నది సూత్రం. ‘షో చానెల్స్’ అన్నది ‘కోర్ షో చానెల్స్’ అయింది. ‘షో డయల్‌ప్లాన్’ కాస్తా ‘డయల్‌ప్లాన్ షో’ అయింది, ‘షో క్యూస్’ అన్నది ‘క్యూ షో’ అయింది. ఇంగ్లీషు చెవికి ఈ చివరి రెండు ఎదురు నడకలే. తెలుగు చెవికి మాత్రం ‘వరుస చూపు’ అన్నంత సహజం, కర్మ ముందు, క్రియ వెనుక! ఈ క్రమం వలన ఒక సౌలభ్యమూ ఉన్నది. ట్యాబ్ మీటను నొక్కితే యంత్రం తరువాతి పదాలను అందిస్తుంది. ‘షో’ అని మొదలుపెట్టి మీట నొక్కితే సకల విభాగాల సంగతులూ కలగలిసి తెర నిండేవి. ‘క్యూ’ అని నొక్కితే క్యూకు సంబంధించినవే వస్తాయి. తెలియని చోట వెతుక్కొనే మనిషికి దేనిని గురించో ముందు తెలుసు, ఏమి చేయాలో తరువాత తేల్చుకుంటాడు. మన వాక్యక్రమంలో ఉన్న ఈ సుగుణాన్ని నేను ఇంతకుముందు ఈ కోణం నుంచి చూడలేదు.

సంస్కరణ మంచిదే. కానీ పాత మాటలు కేవలం మనుషుల నోళ్లలో లేవు. ఎన్నో చోట్ల నిర్వాహకులు ఆ ఆజ్ఞలను చిన్న ప్రోగ్రాములలో పొదిగి, రాత్రి వేళ తమంతట తామే నడిచేలా అమర్చుకున్నారు. మనిషైతే కొత్త వ్యాకరణం నేర్చుకుంటాడు, ఎప్పుడో రాసిపెట్టిన ప్రోగ్రాము నేర్చుకోదు. ఆజ్ఞ అర్థం కాలేదన్న జవాబు అర్ధరాత్రి ఎవరూ చూడని చోట పడి ఉంటుంది. అందుకే 1.4లో పాత రూపాలను త్వరలో పోయేవని హెచ్చరిస్తూనే పనిచేయనిచ్చారు. 1.6 శ్రేణిలో వాటిని తొలగించారు గానీ, ఆ శ్రేణిలోనే పర్యాయపదాల పట్టిక ఒకటి ఏర్పాటు చేశారు. పాత మాట ఎదుట కొత్త మాట రాసుకుంటే, పాతది పలికినా కొత్త పని జరుగుతుంది. పాత సంచికల వాడుకకు సరిపడే పట్టికలను నమూనాగా జతపరిచారు కూడా. దీనిని మనం వైకల్పికం అంటాము. గ్రాంథిక, వ్యావహారిక వాదాలలో ఇరుపక్షాల పండితులు ఎంత కలహించుకున్నారో మిత్రులకు తెలుసు. ఈ సీ భాషవారు శాసనమూ చేశారు, వాడుకనూ మన్నించారు.

ఈ ఆజ్ఞలన్నిటిలో నాకు మిక్కిలి నచ్చినవి ఆపే ఆజ్ఞలు. ఆస్టరిస్క్‌ను ఆపమనడానికి క్రియ ఒక్కటే, విశేషణాలు మూడు. ‘స్టాప్ నౌ’ అంటే ఉన్నపళంగా ఆగుతుంది, నడుస్తున్న సంభాషణలన్నీ తెగిపోతాయి. ‘స్టాప్ గ్రేస్‌ఫుల్లీ’ అంటే కొత్త కాల్స్‌ను తీసుకోకుండా, ఉన్నవి ముగిసేదాకా వేచి ఆగుతుంది. ‘స్టాప్ వెన్ కన్వీనియెంట్’ అంటే కొత్తవారినీ రానిస్తూ, ఎవరూ మాట్లాడని క్షణం దొరికినప్పుడు ఆగుతుంది. తరువాత ఈ మూడింటి ముందూ ‘కోర్’ చేరింది. మనసు మారితే ఆ ఆపుదలను రద్దు చేయడానికీ ఒక ఆజ్ఞ ఉన్నది.

మిత్రులారా, ఈ మూడు క్రియావిశేషణాల మధ్య ఉన్నది ఎవరి ప్రయోజనం? ఆజ్ఞ ఇచ్చే నిర్వాహకునిది కాదు, అతనికి మూడింటిలోనూ యంత్రం ఆగుతుంది. ఆజ్ఞ పాటించే యంత్రానిదీ కాదు. తెరకు ఎక్కడో దూరంగా, ఆసుపత్రి నుంచి ఇంటికి కబురు చెబుతున్న ఒక మనిషిది. అతనికి ఈ తెర సంగతి తెలియదు, తన మాట మధ్యలో తెగుతుందా లేదా అన్నది ఎవరో టైపు చేసే ఒక విశేషణం మీద ఆధారపడి ఉన్నదనీ తెలియదు. ఆ విశేషణానికి భాషలో చోటు కల్పించినవాడు ఆ మూడవ మనిషిని తలచుకున్నాడు. ప్రథమపురుష, మధ్యమపురుష, ఉత్తమపురుష అని పిల్లలకు బోధిస్తాము కదా. ఆజ్ఞా వాక్యంలో కనిపించేది మధ్యమపురుష ఒక్కటే. వాక్యంలో కనిపించని ప్రథమపురుషను కూడా లెక్కలోకి తీసుకున్న వ్యాకరణమే మంచి ఆజ్ఞావ్యాకరణమని నా అభిప్రాయం.

కాలక్రమంలో ఈ భాషలోనూ పదాలు పుట్టి గిట్టాయి. ‘జాప్’ అనే మాట మరొకరి వ్యాపారనామంతో చిక్కు రావడం వలన 2008లో ‘డాడీ’గా మారింది. మొదటి నుంచీ సంస్కరణకు నమూనాగా నిలిచిన ‘సిప్ షో పీర్స్’, ఆ పాత సిప్ విభాగంతో పాటు 2023లో విడుదలైన 21వ సంచికతో నిష్క్రమించింది. దాని స్థానంలో ‘పీజేసిప్ షో ఎండ్‌పాయింట్స్’ వాడుకలో ఉన్నది. ఆస్టరిస్క్‌ను పోషించిన డిజియం సంస్థ కూడా 2018లో సాంగోమా అనే సంస్థలో కలిసింది. యజమానులు మారారు, విభాగాలు మారాయి. ఆపే ఆజ్ఞకు ఆ మూడు విశేషణాలు మాత్రం అలాగే ఉన్నాయి.

మీలో సాఫ్టువేరు వృత్తిలో ఉన్నవారు చాలామంది. రేపు మీరొక కొత్త ఆజ్ఞకు పేరు పెట్టవలసి వస్తే, క్రియను ఎన్నుకున్న తరువాత ఒక్క క్షణం ఆగి, దానికి ఏ విశేషణం కావాలో కూడా ఆలోచించండి. మీ అనుభవంలో ఇటువంటి పదాల కథలు ఏమైనా ఉంటే వ్యాఖ్యలలో తెలుపగలరు. చదివి సంతోషిస్తాను.