పులిహోరలో పులి

ముప్పై యేళ్ళ పైమాట. ఎనిమిదో తరగతికి సంధులు చెబుతుండగా ఒక కుర్రవాడు లేచి, "మాస్టారూ, పులిహోరలో పులి ఎక్కడుందండీ?" అన్నాడు. తరగతి గొల్లుమన్నది. వెటకారమనుకొని వాణ్ణి గంటసేపు నిలబెట్టాను. నిజానికి జవాబు నాకు తెలియదు. ఆ మాట ఒప్పుకోవడానికి పాండిత్యం అడ్డు వచ్చింది. ఉద్యోగ విరమణ తరువాత బరో, ఎమెనో పండితుల ద్రావిడ వ్యుత్పత్తి కోశం (1961, రెండవ కూర్పు 1984) తిరగేస్తూ ఉంటే ఆ రెండక్షరాలే మళ్ళీ ఎదురై నిలదీశాయి.

తమిళంలో ఇవి రెండు వేర్వేరు మాటలు. లకారంతో 'పులి' వ్యాఘ్రం. ళకారంతో 'పుళి' పులుపు, చింతపండు. అరవవారి 'ఉళి' మనకు ఉలి అయినట్లు, వారి 'కళ్' మనకు కల్లు అయినట్లు, 'పుళి' కూడా తెలుగులో 'పులి' అయి మృగం పక్కన వచ్చి కూర్చున్నది. పులుపు, పులుసు, పులియడం అన్నీ ఆ ధాతువు సంతానమే. చెట్టుకూ పండుకూ మనం చింత అన్న పేరు వాడుకొన్నాం గనుక ఒంటరి 'పులి' చూడగానే చారలే గుర్తొస్తాయి. ఓగిరమంటే అన్నం. పులి, ఓగిరం కలిస్తే యడాగమం వచ్చి 'పులియోగిరం'. అది వాడుకలో అరిగి పులిహోర. ఆనాటి పాఠం సంధులే కావడం నా కర్మ!

కన్నడంలో కథ మరో దారి పట్టింది. ఇంచుమించు పదవ శతాబ్ది నుండి అక్కడ పదాది పకారం హకారంగా మారసాగింది. పాలు 'హాలు', పల్లి 'హళ్ళి' అయినట్లే పులి 'హులి', పుళి 'హుళి' అయ్యాయి. లళల భేదాన్ని మాత్రం వారు పోగొట్టుకోలేదు. హొయ్సళుల పేరులోనూ ఈ మార్పే ఉన్నది. పాత శాసనాల్లో వారు 'పొయ్సళు'లు. గురువు మీదికి దూకిన పులిని 'సళ' అనే వీరుడు కొట్టి చంపాడన్న గాథ విష్ణువర్ధనుని 1117 నాటి బేలూరు శాసనంలో కనిపిస్తుంది. పొయ్ అంటే కొట్టు. వంశనామానికి తరువాత అల్లిన కథగానే నాకు తోస్తుంది. బేలూరు శిల్పంలోని మృగం చూడబోతే సింహంలా ఉంటుంది! ఇంత మారిన కన్నడంలో 'పుళియోగరె' మాత్రం పకారం వదలలేదు. తమిళ వైష్ణవుల వంటింటి నుండి వెళ్ళినందువల్లనేమో అని నా ఊహ.

మలయాళంలో పులి అంటే ముఖ్యంగా చిరుత, పెద్దపులి 'కడువ'. త్రిశూరులో ఓణం నాలుగోనాడు ఒంటికి రంగులు పూసుకొని ఆడేది పులికళి. తుళువారు పులిని 'పిలి' అంటారు. హంగరీలో 'పులి' అంటే గొర్రెలు కాసే జడల కుక్క. దానికీ మనకూ చుట్టరికమేమీ లేదు, శబ్దం కలిసిందంతే.

పులికాట్ సరస్సు పేరులోనూ పులి లేదు, పులుపూ లేదు. అది తమిళుల 'పళవేర్కాడు'. 1613లో గెల్డ్రియా కోట కట్టిన డచ్చివారి వంటి పరదేశుల నోళ్ళలో పడి అలా అయింది. ఈ సంగతి కూడా ఆ కుర్రవానికి చెప్పవలసింది. వాడి పేరు గుర్తున్నది, ఊరు తెలియదు.