ఇంతియాజ్‌గఢ్ రూపాయి: మెరుగా, సంరక్షణా?

ముస్లిం పాలనా సంప్రదాయంలో సార్వభౌమాధికారానికి రెండు గుర్తులు ముఖ్యమైనవి. శుక్రవారం ఖుత్బాలో పాలకుని పేరు చదవడం ఒకటి, సిక్కాపై ఆ పేరు ముద్రించడం రెండవది. ఖుత్బాలో పలికిన మాట ఆనాటితోనే గాలిలో కలిసినది. సిక్కా మాత్రం మట్టిలో నిలిచి నేటికీ చేతికి వచ్చుచున్నది. కనుక పాత వెండి నాణేన్ని నిపుణునిచే శుద్ధి చేయించవలెనా, ఉన్నదున్నట్లు ఉంచవలెనా అని తేల్చుకొనువారు ఒక చారిత్రక సాక్ష్యం భవిష్యత్తునే తేల్చుచున్నారు.

తుగ్గలి, జొన్నగిరి పొలాలలో తొలకరి వానలకు వజ్రాలు వెదకే జనం నేటికీ కనిపిస్తారు. వాన కడిగిన నేలపై వారి చూపు తళుకు కొరకే. అట్టి నేలలో నల్లబడిన వెండి బిళ్ల దొరికినచో దానిని చింతపండుతోనో, విబూదితోనో తోమవలెనని తోచుట సహజం. కాని ఈ ప్రాంతపు చరిత్ర తెలిసినవారు అంత తొందరపడరు.

తుగ్గలికి సమీపమున గల ఆదోని దుర్గం బిజాపూరు ఆదిల్‌షాహీలకు దక్షిణపు కాపు. హబ్షీ సర్దారు సిద్దీ మసూద్ ఖాన్ అక్కడి అధిపతి. ఆదోని జామియా మసీదు నిర్మాత. ఔరంగజేబు సేనాని ఫిరోజ్ జంగ్ ముట్టడించగా 1688లో ఆయన కోటను అప్పగించెను. ఫిరంగులు మసీదు వైపు తిప్పుటచేతనే ఆయన లొంగెనని స్థానిక కథనం. మొగలులు ఆదోనికి ఇంతియాజ్‌గఢ్ అని పేరు పెట్టి అక్కడ టంకశాల నడిపిరి. 1800లో ఈ సీమ ఈస్టిండియా కంపెనీ వశమైనది.

ఔరంగజేబు రూపాయి సుమారు పదకొండున్నర గ్రాముల బరువుగల మేలిమి వెండి నాణెం. పవిత్ర వాక్యం అపవిత్ర స్థలాల పాలు కాకూడదని ఆయన నాణేలపై కలిమా ముద్రణను మాన్పించెను. దాని స్థానంలో చక్రవర్తి పేరు గల పారసీక ద్విపద వచ్చినది. ఆ ద్విపదలో బంగారు నాణెం సూర్యునితోను, వెండి నాణెం పూర్ణచంద్రునితోను పోల్చబడినవి. ఒక వైపున ఆ ద్విపద, హిజ్రీ సంవత్సరం. రెండవ వైపున జులూస్ సంవత్సరం, అనగా పట్టాభిషేకం నుండి లెక్కించిన ఏడు, టంకశాల పేరు ఉండును. ద్విపద అనేక టంకశాలల నాణేలపై ఒక్కటే. ఆదోని రూపాయిని సూరత్ రూపాయి నుండి వేరుచేయునది టంకశాల పేరే. అచ్చు కంటె బిళ్ల చిన్నదగుటచే ఆ పేరు తరచు సగమే పడును. ఆ సగంలో రెండక్షరాలు అరిగినచో నాణెం తన ఊరిని పోగొట్టుకొనును. సరాఫులు పరీక్షకై కొట్టిన చిన్న ముద్రలు కూడ తోముడుకు అరిగిపోవును.

వెండిపై పట్టే నలుపు గాలిలోని గంధక సమ్మేళనాల వలన ఏర్పడిన సల్ఫైడు. పలుచని ఈ పొర లోహానికి పెద్దగా హాని చేయదు. ఉప్పు నేలలో పాతుకొన్న వెండికి బూడిదవన్నె క్లోరైడు పెంకు కట్టును. ఆ పెంకులోని వెండి నాణెం నుండే వచ్చినది. ఒక్కొక్కప్పుడు అక్షరాల ఆకృతి దానిలోనే మిగిలియుండును. దానిని ద్రావకంలో కరిగించిన అక్షరాలూ కరుగును. ఆకుపచ్చని పొడి కల్తీలోని రాగి నుండి వచ్చునది. చిరకాలం భూమిలో ఉన్న వెండి పెళుసుబారును గనుక వంచుటకు ప్రయత్నించిన విరుగును.

ఇక్కడనే నిపుణుని అవసరం కనిపించును. బ్రిటిష్ మ్యూజియం ప్రయోగశాలలో పనిచేసిన హెరాల్డ్ ప్లెండర్‌లీత్ 1956లో ప్రకటించిన గ్రంథం పురావస్తు సంరక్షణను శాస్త్రంగా నిలబెట్టిన వానిలో ఒకటి. మన దేశంలో 1976లో లక్నోలో జాతీయ సంరక్షణ పరిశోధనాలయం వెలసినది. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలోను సంరక్షణశాల కలదు. నిపుణుడు మొదట నాణేన్ని తూచి, రెండు వైపులా ఫొటో తీసి, సూక్ష్మదర్శినితో చూచును. రాగి మలినానికి పలుచని ఫార్మిక్ ఆమ్లం వాడును. క్లోరైడు పెంకును కరిగించుటకు మారుగా విద్యుత్తుతో తిరిగి వెండిగా మార్చు పద్ధతియు కలదు. చేసిన ప్రతి పని కాగితంపై ఉండును. ఇంటి తోముడుకు, దీనికి గల భేదం ఇదియే.

అయినను ప్రతి నాణేనికీ చికిత్స అక్కరలేదు. పేరు, సంవత్సరం చదువ వీలై, పైన నలుపు మాత్రమే ఉన్నచో ఆమ్లం లేని కాగితపు కవరులో పొడిగా ఉంచిన చాలును. ఆకుపచ్చని పొడి మరల మరల రాలుచున్నను, పెంకు క్రింద టంకశాల పేరు దాగినను నిపుణుని ఆశ్రయించవలెను. ఇంట తరతరాలుగా ఉన్న 1835 నాటి కంపెనీ రూపాయి వంటి సాధారణ నాణేనికి చికిత్స ఖర్చు దాని వెలను మించవచ్చును. నేలలో దొరికిన ఇంతియాజ్‌గఢ్ రూపాయి విషయం వేరు. అది ఏ పొలంలో, ఎంత లోతున, వేనితో కలిసి దొరికెనో వ్రాసి ఉంచుట శుద్ధి కంటె ముందు చేయవలసిన పని.

చట్టం మాట అంతకంటె ముందు. 1878 నాటి నిధినిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన విలువగల నిక్షేపం దొరికినచో కలెక్టరుకు వ్రాతమూలకంగా తెలుపవలెను; తెలుపనివారు తమ వాటా కోల్పోవుదురు. నూరేండ్లు దాటిన నాణెం 1972 చట్టం క్రింద పురావస్తువు. నేల నుండి వచ్చిన నాణేన్ని మట్టితోనే అధికారుల ఎదుట ఉంచుట ఉత్తమం. నలుపును రేపైనను తీయవచ్చును. అరిగిన పేరును మరల చెక్కుట ఎవరి తరమూ కాదు.