అండమాన్ ఖైదీల వంశాన్వేషణ

ద్వీపాంతర శిక్ష పడి అండమాన్ చేరినవారి సంతతికి తమ పూర్వీకుల ఊరు, కులం, నేరం తెలుసుకోవాలన్న తపన ఉంటుంది. దస్త్రాలూ ఇంటి పెద్దల జ్ఞాపకాలూ కలిపి చూసి ఆ మూలాలను పట్టుకునే ప్రయత్నమే ఈ అన్వేషణ. హైదరాబాదు సంస్థానానికి చెందిన జాడలు వెదికేవారు ముందుగా వచ్చేది హైదరాబాదులోని తార్నాకకు. నిజాం కాలపు పాలనా పత్రాలు అక్కడి రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. 1880ల దాకా పారసీ, ఆపైన ఉర్దూ అధికార భాషలు కాబట్టి ఆ లిపి చదవగలిగినవారి తోడు లేనిదే పని సాగదు.

ఈ చరిత్రలో బాగా నమోదైన ఘట్టం 1857 నాటిది. బుల్ధానాలో తిరగబడి హైదరాబాదు నగరానికి వచ్చిన జమాదారు చీదా ఖాన్‌ను ప్రధాని సాలార్‌జంగ్ బ్రిటిష్ రెసిడెంట్ డేవిడ్‌సన్‌కు అప్పగించాడు. దానిపై జనం రగిలారు. జూలై 17, శుక్రవారం సాయంత్రం మౌల్వీ అల్లావుద్దీన్, తుర్రెబాజ్ ఖాన్ రోహిల్లాలను వెంటబెట్టుకుని కోఠీలోని రెసిడెన్సీపై దాడికి వెళ్ళారు. ఫిరంగుల ముందు ఆ సాహసం నిలవలేదు. తుర్రెబాజ్ ఖాన్‌ను 1859 జనవరిలో తూప్రాన్ దగ్గర చంపి, శవాన్ని నగరంలో వేలాడదీశారు. అల్లావుద్దీన్‌ను అదే ఏడు అండమాన్ పంపారు. రాజకీయ కేసు కావడంతో ఆయన గురించి ఉత్తర ప్రత్యుత్తరాలు మిగిలాయి. మామూలు దొంగతనానికో హత్యకో శిక్షపడ్డవాడి గురించి ఒక్కోసారి రిజిస్టరులో ఒక్క పంక్తే దొరుకుతుంది. మద్రాసు ప్రెసిడెన్సీలో శిక్షపడ్డ కోస్తా, సీమ జిల్లాలవారి కాగితాలకు చెన్నై ఎగ్మూరు ఆర్కైవ్స్ చూడాలి.

1858 మార్చి 10న డాక్టర్ వాకర్ 200 మంది ఖైదీలతో పోర్ట్‌బ్లెయిర్ చేరడంతో అక్కడి కథ మొదలైంది. ఖైదీ మెడలో వేలాడే బిళ్ళ మీద నంబరు, శిక్ష తేదీ, విడుదల తేదీ ఉండేవి. వంశం వెదికేవారికి ఆ నంబరే కీలకం. మంచి నడవడి చూపినవారికి కొన్నేళ్ళకు సొంత సేద్యానికీ పెళ్ళికీ అనుమతి దొరికేది. స్త్రీ ఖైదీలు వచ్చాక వేర్వేరు భాషల, కులాలవారు పెళ్ళాడారు. ఇంటి భాష హిందుస్తానీ అయింది. వారి సంతానాన్ని 'లోకల్ బార్న్' అంటారు. ఇంటిపేరు, గోత్రం పట్టుకుని వెనక్కి వెళ్ళే మన అలవాటు అక్కడ పెద్దగా పనికిరాదు.

1896–1906 మధ్య సెల్యులార్ జైలు కట్టారు. 1922–24 మన్యం తిరుగుబాటులో అల్లూరి సీతారామరాజు అనుచరులు కొందరు కూడా ద్వీపాంతరం వెళ్ళారు. 1942 నుంచి 1945 దాకా జపాను ఆక్రమణలో స్థానిక దస్త్రాలు చాలా నాశనమయ్యాయి. 1945లోనే అక్కడి ఖైదీల స్థావరం రద్దయింది.

2011 జనగణనలో ఆ దీవుల్లో 13 శాతం పైగా జనం మాతృభాషగా తెలుగు చెప్పారు. వారిలో అత్యధికులు శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి తర్వాత కూలికీ చేపల వేటకూ వెళ్ళినవారి పిల్లలు. అందుకే తాత అండమాన్‌లో ఉన్నాడని తెలియగానే ఖైదీ అనుకోకూడదు, ఆయన 1942కు ముందు వచ్చాడా, తర్వాతా అన్నది మొదట తేల్చుకోవాలి.