ఒడెస్సా మెట్లు

1905 జూన్‌లో పొటెంకిన్ నావికులు తిరగబడినప్పుడు, ఒడెస్సాలో జారు సైనికులు జనాన్ని కాల్చి చంపారు. వందలాదిమంది చనిపోయారు. ఆ చావులు ముఖ్యంగా రేవులో, మంటల నడుమ, రాత్రివేళ సంభవించాయి. ఐజెన్‌స్టయిన్ 1925లో తీసిన మూకీ చిత్రం “బాటిల్‌షిప్ పొటెంకిన్”లో మాత్రం పట్టపగలు, రేవుకు దిగే పెద్ద మెట్లమీద హత్యాకాండ జరుగుతుంది. అది ఆయన కల్పన. యీ సంగతి పట్టుకుని చిత్రమంతా బూటకమని చంకలు గుద్దుకునేవారున్నారు. వారితో నాకు పేచీ వుంది.

ఆ మెట్లు నేడు 192. ప్రాణభయంతో పరుగెత్తే మనిషి త్వరగానే దిగిపోతాడు. తెరమీద ఆ దిగటం ఎంతకీ తెమలదు. బూట్లు దిగుతాయి, జనం పరుగెత్తుతారు, మళ్ళీ బూట్లు దిగుతాయి. గడియారం వొప్పుకోదు, తుపాకీకి వీపు చూపి పరుగెత్తేవాడికి కాలం అట్లాగే సాగుతుంది. జనం కాళ్ళకింద నలిగిన కొడుకును ఎత్తుకుని వొక తల్లి సైనికులకు ఎదురుగా పైకి నడుస్తుంది. అందరూ మెచ్చుకునే పసిపాప బండి కన్నా, నా మట్టుకు నాకు, యీ ఎదురునడక గొప్పది. ఆమె ఎక్కే ప్రతి మెట్టూ మన కాలాన్ని కూడా బిగబట్టి ఆపుతుంది.

స్థలమూ అంతే. ముక్కలను అతికి లేని చోటును సృష్టించవచ్చునని కులెషోవ్ అప్పటికే ప్రయోగాలు చేసి చూపాడు. నౌక ఫిరంగి పేలగానే నిద్రపోయే రాతిసింహం మేలుకుని లేస్తుంది. నిజానికి అవి మూడు వేర్వేరు విగ్రహాలు. ఒడెస్సావి కూడా కావు, క్రిమియాలోని అలుప్కా భవనానివి.

యింత శక్తిని పాలకులు ముందే పసిగట్టారు. బ్రిటన్‌లో యీ చిత్రంపై నిషేధం 1954 దాకా సాగింది. అంతకన్నా నన్ను కలవరపెట్టేది గోబెల్స్ మెప్పు. 1933లో అతను జర్మన్ నిర్మాతల ముందు దీన్ని పొగిడి, యింత బలమైనవి తమకూ కావాలన్నాడు. అతనికి పనితనం అర్థమైంది. కాని రీఫెన్‌స్టాల్ 1935 నాటి “ట్రయంఫ్ ఆఫ్ ది విల్” చూడండి: అక్కడ కెమేరా కవాతు వరుసల అందానికి మురిసిపోతుంది. ఒడెస్సా మెట్లమీద వరుసలు సైనికులవి, వారికి ముఖాలు కనిపించవు. ముఖాలన్నీ చచ్చేవారివి: కళ్ళజోడు పగిలి, కంట నెత్తురు కారే ఆ ముసలామెవి.