బ్రెజిల్‌లో వ్యాపార చర్చలు: మర్యాదలు, పద్ధతులు

బ్రెజిల్‌లో బేరం కంటే ముందు పరిచయం కుదరాలి. తొలి సమావేశంలో కుటుంబం, ఫుట్‌బాల్ కబుర్లు, చిన్న కప్పులో ‘కఫెజీన్యో’ కాఫీ అయ్యాకే అసలు విషయానికి వస్తారు. తొందరపెడితే నమ్మకం సడలుతుంది. సమయపాలన పట్టింపు సావో పాలోలో ఎక్కువ, రియోలో తక్కువ.

అక్కడి భాష పోర్చుగీసు. స్పానిష్‌లో పలకరిస్తే నొచ్చుకుంటారు. కరచాలనం, భుజం తట్టడం మామూలే. బొటనవేలు, చూపుడువేలు కలిపి ‘బాగుంది’ అన్నట్టు చూపే గుర్తు మాత్రం అక్కడ అసభ్యం.

నమ్మకం కంపెనీ కన్నా మనిషి మీద ఎక్కువ కనుక చర్చల మధ్యలో ప్రతినిధిని మారిస్తే కథ మళ్లీ మొదటికొస్తుంది. మొహం మీదే ‘కాదు’ అనడం అరుదు. ‘చూద్దాం’ అంటే ఒప్పుకున్నట్టు కాదు. చిక్కుల్లో అడ్డదారి వెతికే నేర్పును ‘జెయిచీన్యో’ అంటారు. దాన్ని నమ్ముకుని లంచం దాకా వెళ్తే మాత్రం 2014 నుంచి అమల్లో ఉన్న అవినీతి నిరోధక చట్టం కంపెనీనే బాధ్యురాలిని చేస్తుంది. స్నేహం ఎంత కుదిరినా, హైదరాబాద్ మందుల కంపెనీలకు నియంత్రణ సంస్థ ‘అన్విసా’ అనుమతి తప్పదు.

ధరల పత్రంలో అంకెలతో జాగ్రత్త. అక్కడ వేలకు చుక్క, దశాంశానికి కామా పెడతారు: 1.500 అంటే ఒకటిన్నర కాదు, పదిహేను వందలు.