ఆదివారం రాత్రి తొమ్మిది గంటల రీగన్

అమెరికా రాజకీయాల ప్రస్తావన వస్తే చాలు, ఫోన్లో మావాళ్లు ఒక మాట అనకుండా ఉండరు: "రీగన్ కూడా మన ఎన్టీఆర్ లాగానే కదా, సినిమాల్లోంచి వచ్చి గెలిచాడు!" పోలిక సహజమే. రీగన్ 1980 నవంబరులో అధ్యక్షుడిగా గెలిచాడు. తెలుగుదేశం 1982 మార్చిలో పుట్టి, తొమ్మిది నెలలు తిరిగేసరికి అధికారంలోకి వచ్చింది. అయితే చైతన్యరథం ఎక్కేనాటికి ఎన్టీఆర్ తిరుగులేని తార. రీగన్‌ని మాత్రం, రాజకీయాల్లోకి వచ్చేనాటికే సినిమా పక్కన పెట్టేసి చాలా ఏళ్లయింది. అతన్ని నాయకుణ్ని చేసింది టీవీలో దొరికిన ఒక ఉద్యోగం. నేనుంటున్న దక్షిణ కాలిఫోర్నియాలో ఒక ఫ్రీవేకి అతని పేరే పెట్టారు. అతని కథ తెలిస్తే ఈ దేశపు ఇరవయ్యో శతాబ్దం సగం అర్థమవుతుంది.

రీగన్ ఇల్లినాయ్‌లో పుట్టి, అయోవాలో రేడియో వ్యాఖ్యాతగా కుదురుకున్నాడు. బేస్‌బాల్ ఆట షికాగోలో జరిగేది. టెలిగ్రాఫ్‌లో ముక్కలు ముక్కలుగా వచ్చే వివరాలు పట్టుకుని, ఎక్కడో స్టూడియోలో కూర్చుని, ఆట కళ్లముందే జరుగుతున్నట్టు వినిపించేవాడు. 1937లో షికాగో కబ్స్ జట్టు శిక్షణ శిబిరం కోసం కాలిఫోర్నియా వచ్చినప్పుడు వార్నర్ బ్రదర్స్ స్క్రీన్ టెస్ట్ చేసి, వారానికి 200 డాలర్ల జీతంతో ఏడేళ్ల ఒప్పందం రాయించుకుంది.

విజయా సంస్థలో ఎన్టీఆర్ తొలినాళ్లలో నెలజీతానికి నటించినట్టే, ఆనాటి హాలీవుడ్ తారల్లో చాలామంది జీతగాళ్లే. ఏ వేషం వెయ్యాలో స్టూడియో చెప్పేది. వెయ్యనంటే జీతం ఆపేసేది, ఆ ఖాళీ రోజులన్నీ ఒప్పందం చివర కలిపేసేది. ఏడేళ్లు కాస్తా ఎన్నేళ్లకు తేలుతుందో ఎవరికీ తెలిసేది కాదు. దీన్ని కోర్టుకి లాగింది వార్నర్ నటి ఒలీవియా డి హావిలాండ్. 1944లో కాలిఫోర్నియా అప్పీలు కోర్టు ఆమె పక్షాన తీర్పిచ్చాక, ఏడేళ్లంటే అచ్చంగా ఏడేళ్లే అయ్యాయి.

రీగన్ ఇలాంటి పేచీలు పెట్టే రకం కాదు. చిన్న బడ్జెట్ సినిమాల్లో హీరోగా, పెద్ద సినిమాల్లో హీరో స్నేహితుడిగా ఇచ్చిన పని చేసుకుపోయాడు. 1942లో వచ్చిన 'కింగ్స్ రో' మంచి పేరు తెచ్చింది. అంతలో యుద్ధం. చూపు మందం కావడంతో అతన్ని రణరంగానికి పంపలేదు, సైన్యానికి సినిమాలు తీసిపెట్టే దళంలో వేశారు. యుద్ధం ముగిసి తిరిగొచ్చేసరికి అతని ఊపు తగ్గిపోయింది. త్వరలోనే స్టూడియోల ఊపూ తగ్గింది.

అంతవరకూ అయిదు పెద్ద స్టూడియోలకు సొంత థియేటర్లుండేవి. తీసేదీ వాళ్లే, పంచేదీ వాళ్లే, ఆడించేదీ వాళ్లే. 1948 మేలో సుప్రీంకోర్టు పారమౌంట్ కేసులో ఈ పద్ధతిని తప్పుపట్టింది. దాంతో ఒక్కొక్క స్టూడియో తన థియేటర్లను వదులుకోవలసి వచ్చింది. బొమ్మ బాగున్నా బాగోకున్నా ఆడించే హాళ్లు చేజారాక, వందలమందికి ఏడాది పొడుగునా జీతాలివ్వడం దండగనిపించింది. అదే సమయంలో టీవీ దూసుకొచ్చింది. 1950లో పది ఇళ్లకు ఒక ఇంట్లోనైనా టీవీ లేదు, 1960 నాటికి దాదాపు తొమ్మిదిళ్లలో ఉంది. వేషాలు కరువైన రీగన్ 1954లో లాస్‌వేగాస్ హోటల్లో రెండు వారాలపాటు రంగస్థలం మీద వ్యాఖ్యాతగా నిలబడ్డాడు. అప్పటికి అతనికి 43 ఏళ్లు.

మరోపక్క నటుల సంఘం పనిలో మాత్రం ఆరితేరాడు. 1947 నుంచి 1952 దాకా స్క్రీన్ యాక్టర్స్ గిల్డ్ అధ్యక్షుడు. అప్పటికింకా డెమొక్రాటే, రూజ్‌వెల్ట్ అభిమాని. కమ్యూనిస్టుల వేట సాగిన ఆ రోజుల్లో ఎఫ్‌బీఐకి సమాచారం అందించినవాడు కూడా. 1952లో గిల్డ్ తీసుకున్న ఒక నిర్ణయం తరవాత చాలా చర్చకు దారితీసింది. నటులకు ఏజెంటుగా ఉన్నవాళ్లు నిర్మాతలుగా ఉండకూడదన్నది నియమం. రీగన్‌కి ఏజెన్సీగా ఉన్న ఎంసీఏకే దాన్నుంచి మినహాయింపు దొరికింది. రెండేళ్లకు ఎంసీఏ అతనికి టీవీలో ఉద్యోగం చూపించింది. దీని మీద 1962లో ఫెడరల్ గ్రాండ్ జ్యూరీ రీగన్‌ని ప్రశ్నించింది. అతని మీద అభియోగమేదీ పెట్టలేదు కానీ, ఆ ఏడాదే ఎంసీఏ ఏజెంటు వ్యాపారాన్ని వదిలేసుకుంది.

ఆ ఉద్యోగం 'జనరల్ ఎలక్ట్రిక్ థియేటర్'. సీబీఎస్‌లో ఆదివారం రాత్రి తొమ్మిదికి వారానికో కథ. రీగన్ వచ్చి కథని పరిచయం చేసేవాడు, కొన్నిట్లో తనే నటించేవాడు. మొదట్లో ఏడాదికి 1,25,000 డాలర్ల జీతం. దాంతోపాటు ఇంకో షరతు: దేశమంతటా ఉన్న కంపెనీ ఫ్యాక్టరీలకు వెళ్లి కార్మికులతో మాట్లాడాలి. 1946 సమ్మెలో దెబ్బతిన్న జనరల్ ఎలక్ట్రిక్ (జీఈ), యూనియన్ నాయకుల్ని దాటుకుని నేరుగా కార్మికుల మనసు గెలవాలని పట్టుదలగా ఉంది. ఆ వ్యూహకర్త లెమ్యుయెల్ బౌల్‌వేర్. విమానమంటే భయం కాబట్టి రీగన్ రైళ్లలోనే తిరిగాడు. ఎనిమిదేళ్లలో వందకు పైగా ఫ్యాక్టరీలు చూశాడు.

అతను రాజకీయ పాఠాలు నేర్చుకున్న బడి ఇదే. మొదట్లో సినిమా కబుర్లు చెప్పేవాడు. పోనుపోను మాట పన్నుల మీదికి, ప్రభుత్వ పెత్తనం మీదికి మళ్లింది. ఏ మాటకి హాలు నవ్వుతుందో, దేనికి చప్పట్లు పడతాయో, ఎక్కడ ఆవులింతలొస్తాయో ఊరూరా చూసుకుంటూ ఉపన్యాసానికి సానపెట్టాడు. సినిమా రీటేకులతో ఇది వచ్చే విద్య కాదు. 1962లో 'బొనాంజా' అనే మరో టీవీ కార్యక్రమం పోటీకి తట్టుకోలేక అతని కార్యక్రమం ఆగిపోయేనాటికి, అతను లోలోపల పార్టీ మారినట్టే. ఆ ఏడాదే రిపబ్లికన్‌గా పేరు నమోదు చేసుకున్నాడు.

1964లో రెండు జరిగాయి. 'ది కిల్లర్స్'లో తొలిసారి విలన్ వేషం కట్టాడు. టీవీ కోసం తీసిన ఆ బొమ్మలో హింస ఎక్కువైందని థియేటర్లకు పంపారు. సినిమాల్లో అతనికదే ఆఖరి వేషం. అక్టోబరు 27న రిపబ్లికన్ అధ్యక్ష అభ్యర్థి గోల్డ్‌వాటర్ తరఫున టీవీలో అరగంట ప్రసంగించాడు. గోల్డ్‌వాటర్ ఆరు రాష్ట్రాలు తప్ప అన్నీ పోగొట్టుకున్నాడు, రీగన్ మాత్రం దేశమంతా తెలిసిపోయాడు. వినేవాళ్లకు ఆ ప్రసంగం కొత్త, అతనికి మాత్రం ఫ్యాక్టరీల్లో ఎన్నోసార్లు చెప్పిన మాటే. రెండేళ్లకు కాలిఫోర్నియా గవర్నరుగా గెలిచాడు.

ఇందులో ఒక మెలిక ఉంది. 1959లో మళ్లీ గిల్డ్ అధ్యక్షుడై, 1960లో నటుల చేత దాదాపు ఆరు వారాల సమ్మె చేయించింది ఇతనే. సినిమాలు టీవీలో వేసినప్పుడు నటులకు వాటా, పింఛను, ఆరోగ్య నిధి ఆ సమ్మెతోనే సాధించారు. పాత సినిమాల మీద వాటా వదిలేశాడని కొందరు తారలు అతన్ని తిట్టుకున్నారు కూడా. 2023లో రచయితలు, నటులు కలిసి సమ్మెకు దిగినప్పుడు, ఇలా ఇద్దరూ ఒకేసారి దిగడం 1960 తరవాత ఇదే మొదలని ఇక్కడి పత్రికలన్నీ రాశాయి. అంతటి యూనియన్ నాయకుడు 1981లో అధ్యక్షుడి హోదాలో, సమ్మె చేసిన 11 వేలకు పైగా విమాన నియంత్రణ సిబ్బందిని ఉద్యోగాల్లోంచి పీకేశాడు. అంతకుముందు ఏడాది ఎన్నికల్లో వాళ్ల యూనియన్ మద్దతిచ్చింది అతనికే. కార్మికుల తరఫున బేరమాడటం గిల్డ్ నేర్పింది. యజమాని వైపు నిలబడి కార్మికుడితో మాట్లాడటం జీఈ నేర్పింది. అధ్యక్షుడయ్యాక రెండో పాఠమే ఎక్కువ పనికొచ్చింది.

ఎన్టీఆర్‌కి ఓటు వేసినవాళ్లు తెరమీద తాము కొలిచిన రూపాన్ని ఎదురుగా చూశారు. రీగన్‌కి వేసినవాళ్లు ఆదివారం రాత్రులు తమ హాల్లో కూర్చుని మాట్లాడిన పెద్దమనిషిని గుర్తుపట్టారు. అందుకే ఇక్కడ తెర మీదినుంచి గద్దెకి నడిచినవాళ్ల గురించి తెలుసుకోవాలంటే, వాళ్ల హిట్ సినిమాల జాబితా కన్నా ముందు వాళ్లకి జీతమిచ్చిందెవరో చూడాలి.