బిడ్డతో పాటు బిడ్డ మూలాలూ

ఒక జాతిలో పుట్టిన బిడ్డ మరో జాతి ఇంట పెరిగితే తన వారసత్వం సంగతేమిటి? దత్తత చట్టాలు ఈ ప్రశ్న వేయడానికి చాలాకాలం ముందే శ్రీహరికోట దీవిలోని యానాది గిరిజనుల పిల్లలకు మరో రూపంలో ఇది ఎదురైంది.

1835లో ప్రభుత్వం ఈ దీవిని చేతిలోకి తీసుకునేనాటికి యానాదుల బతుకంతా అడవి, పులికాట్ సరస్సే. తేనె, చింతపండు, చిరివేరు సేకరించి సర్కారుకిచ్చి బియ్యం పుచ్చుకునేవారు. బట్టలకు ఎర్రరంగునిచ్చే చిరివేరును ఇసుకలో ఆనవాలు పట్టడం, తెగకుండా తవ్వడం పిల్లలు పెద్దల వెంట తిరిగి నేర్చిన విద్య. 1909లో థర్‌స్టన్ దక్షిణ భారత కులాలు, తెగలపై వెలువరించిన గ్రంథంలో వీరి జీవితాన్ని వివరంగా రాశాడు. అయితే దొరతనం ఈ విద్యను గౌరవించలేదు. యానాదులను ‘బాగుచేయాలని’ మాత్రం చూసింది. నేరస్థ జాతుల చట్టం కింద వారిలో కొందరిపై నేరస్థుల ముద్ర కూడా పడింది. ఆ ముద్రకు వ్యతిరేకంగా సంఘసేవకుడు వెన్నెలకంటి రాఘవయ్య ఏళ్ల తరబడి పోరాడారు. దేశమంతటా ఆ చట్టం రద్దయింది 1952లో.

1969లో రాకెట్ కేంద్రానికి శ్రీహరికోటను ఎంచుకున్నారు. 1971 అక్టోబరు 9న తొలి రోహిణి రాకెట్ ఎగిరింది. దేశానికది గర్వకారణమే. కానీ ఎన్నో యానాది కుటుంబాలు తావు మారాయి. పిల్లలకు బడి అందడం మేలే. తాతల విద్యకు ఆ బడిలో చోటు దొరకకపోవడం నష్టం.

ఇలా మూలాలకు దూరమయ్యే పిల్లల విషయంలో, ముఖ్యంగా దత్తతలో, చట్టం ఆలస్యంగా మేల్కొంది. విదేశీ దత్తతలకు ముందు స్వదేశంలోనే తల్లిదండ్రులను వెతకాలని లక్ష్మీకాంత్ పాండే కేసులో సుప్రీంకోర్టు 1984లో చెప్పింది. బిడ్డ జాతి, మతం, సంస్కృతి, భాషలను పట్టించుకోవాలని 1989 ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక నిర్దేశించింది; 1992లో భారత్ అందులో చేరింది. దత్తతపై 1993 నాటి హేగ్ ఒప్పందాన్ని 2003లో ఆమోదించింది.

కాగితం మీది హక్కును ఇంట్లో నిలబెట్టాల్సింది పెంచేవాళ్లే. పుట్టుక సంగతి దాచకుండా, చిన్నచూపు లేకుండా చిన్ననాడే చెప్పండి. పండగనాడు వేషం కట్టించి ఫొటో తీస్తే చాలదు. ఆ సమాజపు పెద్దలతో, ఈడు పిల్లలతో ఏడాది పొడవునా రాకపోకలు ఉంచండి. బడిలో ఎవరైనా హేళన చేస్తే సర్దుకుపొమ్మనకుండా బిడ్డ పక్షాన నిలబడండి. దత్తత తల్లిదండ్రులకే కాదు, గిరిజన హాస్టళ్ల వార్డెన్లకూ, ఉపాధ్యాయులకూ ఇదే మనవి.